నీలి సోడలైట్‌ను యూవీ దీపం కింద పరీక్షించడం: ఇంట్లో చేసుకునే పూర్తి పద్ధతి

"రాయి మీద యూవీ టార్చి వేశాను. అంతా ఊదాగానే కనిపిస్తోంది. అంటే ఇది సోడలైట్ కాదా?" తిరుపతిలో రాళ్లంటే ఇష్టపడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పూసలు కొన్నవాళ్లు, తాతగారి ఉంగరం పెట్టెలోంచి తీసినవాళ్లు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లు అందరూ ఇదే అడుగుతారు.

చాలాసార్లు తప్పు రాయిది కాదు. దీపం సరైనది కాకపోవడమో, గదిలో చీకటి చాలకపోవడమో, రాయి మీద మురికి ఉండడమో అసలు కారణం. దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు కూడా ఉంది. ఏదో మెరిసింది కదా అని రాయికి పేరు పెట్టేయడం. ఈ రెండూ జరగకుండా ఏ పని ముందు, ఏ పని తర్వాత చేయాలో వివరంగా రాస్తున్నాను.

1. ఏ రాయి నుంచి ఏమి ఆశించాలి

సోడలైట్ ఒక సిలికేట్ ఖనిజం. సోడియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్, క్లోరిన్ కలిసి పంజరంలాంటి అల్లికగా ఏర్పడుతుంది. ఆ పంజరాల్లో అక్కడక్కడ రెండేసి గంధకం పరమాణువులు జతగా చిక్కుకుని ఉంటాయి. అతినీలలోహిత (యూవీ) కాంతి తగిలినప్పుడు ఆ జంటలు శక్తిని పీల్చుకుని నారింజ రంగు వెలుగుగా వదులుతాయి. మనం చూడబోయే ప్రతిదీప్తి అదే.

గంధకం జంటలు రాయంతటా సమానంగా ఉండవు. అందుకే వెలుగు మచ్చలుగా, చారలుగా వస్తుంది. ఒక ముక్క నిప్పుకణికలా వెలిగితే దాని పక్క ముక్క దాదాపు చీకటిగా ఉండవచ్చు. వెలగని సోడలైట్ కూడా సోడలైటే. ఈ మాట మొదటే మనసులో పెట్టుకుంటే తర్వాత నిరాశ ఉండదు.

నీలంగా కనిపించే మిగతా రాళ్ల సంగతి క్లుప్తంగా (దీర్ఘ తరంగం, హ్రస్వ తరంగం అంటే యూవీలో రెండు రకాలు, వివరం రెండో భాగంలో):

- రాజావర్తం, అంటే లాపిస్ లజూలి: దీర్ఘ తరంగంలో నారింజ చుక్కలో చారలో కనిపించవచ్చు, హ్రస్వ తరంగంలో సుద్దలాంటి మందమైన వెలుగు రావచ్చు. రాయంతా వెలగడం అరుదు.
- కయనైట్: వెలిగితే మందమైన ఎరుపు. చాలా ముక్కలు అసలు వెలగవు.
- అయోలైట్: ఇనుము ఉండడం వల్ల వెలగదు. ఇనుము ప్రతిదీప్తిని అణచివేస్తుంది.
- కవన్‌సైట్: పుణె దగ్గర వాఘోలీలో దొరికే అందమైన నీలి ఖనిజం. వెలగదు.
- బెనిటోయైట్: హ్రస్వ తరంగంలో కళ్లు చెదిరే నీలం. కాలిఫోర్నియాది, చాలా అరుదైనది. మామూలు పూసల దుకాణంలో కనిపిస్తుందని ఆశించకండి.
- శనికి ధరించే నీలం: ఇది సిలికేటే కాదు, అల్యూమినియం ఆక్సైడ్. దీని పరీక్షలు వేరు.

"ఇది తిరుమల కొండల్లో దొరికిన సోడలైట్" అని ఎవరైనా చెబితే కొనకండి. సోడలైట్ సిలికా తక్కువైన శిలల్లో పుడుతుంది, క్వార్ట్జ్‌తో కలిసి ఏర్పడదు. మన కొండలు క్వార్ట్‌జైట్, అంటే నిండా క్వార్ట్జే. చిత్తూరు వైపు గ్రానైట్లలోనూ క్వార్ట్జ్ ఉంటుంది. మన దేశంలో సోడలైట్‌కు పేరున్న చోటు రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్. అమ్మకానికి వచ్చే ముదురు నీలం బ్రెజిల్ వంటి దేశాల నుంచి కూడా వస్తుంది. రాళ్ల కోసం శేషాచలం అడవుల్లో సుత్తి పట్టుకుని తిరగకండి. అది రక్షిత ప్రాంతం.

2. దీపం: సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది

మూడు రకాల దీపాలు దొరుకుతాయి. నానోమీటర్లలో చెప్పే అంకె వాటి కాంతి తరంగం పొడవు.

395 నానోమీటర్ల ఎల్ఈడీ టార్చి చవక. అయితే కంటికి కనిపించే ఊదా వెలుగు దాన్నుంచి బాగా వస్తుంది. ఆ ఊదా రాయి మీద పడి తిరిగి వచ్చి, అసలు నారింజను మింగేస్తుంది. "అంతా ఊదాగా ఉంది" అనే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఈ టార్చి వల్లనే. తేళ్లను వెతకడానికి ఇది బాగా పనికొస్తుంది, సోడలైట్‌కు చాలదు.

365 నానోమీటర్ల ఎల్ఈడీ టార్చి, ముందు నల్లటి ఫిల్టర్ గాజు ఉన్నది, మీ అసలు పనిముట్టు. దీన్నే దీర్ఘ తరంగం అంటాం. సోడలైట్ నారింజ వెలుగుకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక్క దీపమే కొనగలిగితే ఇదే కొనండి.

254 నానోమీటర్ల దీపం హ్రస్వ తరంగానిది. బెనిటోయైట్ వంటివాటికీ, హాక్మనైట్ అనే రంగు మారే సోడలైట్ రకానికీ కావాలి. మొదలుపెట్టేవారికి అవసరం లేదు.

టార్చి మీద 365 అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మనక్కరలేదు. చీకట్లో, మెరవని నల్ల గుడ్డ మీద వేసి చూడండి. గుడ్డ మీద ఊదా వలయం ప్రకాశంగా కనిపిస్తే అది 395 దగ్గరిదో, ఫిల్టర్ లేనిదో. మసకగా, వలయం ఉందా లేదా అన్నట్టు ఉంటే మంచిది.

కొనేముందు రాయిని ఒకసారి చూడాలనిపిస్తే, బట్టల దుకాణాల్లో నోట్లు పరీక్షించే చిన్న యంత్రం ఉంటుంది. అందులో ఉండేది దీర్ఘ తరంగపు ట్యూబే. యజమానిని అడిగి రాయిని కింద పెట్టి చూడవచ్చు. బలంగా వెలిగే రాయి అక్కడే బయటపడుతుంది.

3. కళ్లు, చర్మం: ఇక్కడ రాజీ వద్దు

- యూవీని ఆపే పాలికార్బనేట్ కళ్లజోడు పెట్టుకోండి. దీపం వెలిగించడానికి ముందే పెట్టుకోవాలి.
- దీపంలోకి నేరుగా చూడకండి. అద్దం, స్టీలు పళ్లెం వంటి మెరిసే వస్తువులను బల్ల మీదినుంచి తీసేయండి.
- పిల్లలు చూస్తుంటే వాళ్లకూ కళ్లజోడు ఇవ్వండి. టార్చి వాళ్ల చేతికి ఇవ్వకండి.
- హ్రస్వ తరంగ దీపమైతే పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు తప్పనిసరి. కళ్లజోడు లేకపోతే కంటి పైపొర కాలినట్టయి, కొన్ని గంటల తర్వాత ఇసుక పడ్డట్టు నొప్పి మొదలవుతుంది. వెలుగు వల్ల అని అప్పటికి గుర్తుకు కూడా రాదు.

నీళ్ల ఫిల్టర్లలో ఉండే యూవీ ట్యూబును ఊడదీసి వాడుకోవచ్చా అని కొందరు అడుగుతున్నారు. వద్దు. దానికి కవచం ఉండదు, ఫిల్టర్ ఉండదు. కంటికి ప్రమాదం, పైగా దాని నీలి వెలుగులో రాయి సరిగా కనిపించదు.

4. చీకటి గది

పగలు తలుపులు మూసి చేద్దామంటే మన ఎండకు కిటికీ సందు ఒక్కటి చాలు, మొత్తం పాడైపోతుంది. రాత్రి చేయండి. కిటికీ లేని గది మేలు. స్నానాలగది బాగా పనికొస్తుంది.

- కిటికీ ఉంటే మందపాటి దుప్పటి కట్టండి. వీధిదీపం వెలుగు కూడా లెక్కే.
- పూజగదిలో దీపం ఉంటే ఆ తలుపు మూయండి.
- ఇన్వర్టర్, రౌటర్ల మీద వెలిగే చిన్న లైట్లను నల్ల టేపుతో కప్పండి.
- ఫోను తెర ఆపండి.
- తెల్ల చొక్కా, తెల్ల పంచె తీసేసి ముదురు బట్టలు వేసుకోండి. బట్టల సబ్బు పొడిలోని తెల్లదనం పెంచే పదార్థం యూవీలో నీలితెలుపుగా వెలుగుతుంది. ఆ వెలుగు రాయి మీద పడుతుంది.

ఆ తర్వాత ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి కనీసం పది నిమిషాలు కావాలి, ఇరవై అయితే ఇంకా మంచిది. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మందంగా వెలిగే రాయి మొదటి నిమిషంలో "వెలగని" రాయిగానే కనిపిస్తుంది.

5. రాయిని శుభ్రం చేయడం

మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ తన పూజగదిలోని నీలి పూసల దండ తెచ్చారు. "చూడు నాయనా, ఇది అసలుదేనా?" అన్నారు. దీపం వేయగానే ప్రతి పూస రంధ్రం చుట్టూ పచ్చని పసుపు వెలుగు వలయంలా లేచింది. ఆవిడ ముఖం విప్పారింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది. సోడలైట్ ఆ రంగులో వెలగదు, పైగా వెలుగు సరిగ్గా రంధ్రాల దగ్గరే ఎందుకు ఆగుతుంది?

భూతద్దంతో చూస్తే దారం వెంబడి ఏళ్ల తరబడి పేరుకున్న పసుపు. పూజలో అద్దిన పసుపే. పసుపు యూవీలో బాగా వెలుగుతుంది. "అమ్మా, ఒక్కసారి కడిగి చూద్దాం" అని చెప్పి, ఆవిడ అనుమతితో దారం తెంపి, పూసలు ఒక్కొక్కటే మెత్తని బ్రష్షుతో కడిగాం. మర్నాటి రాత్రి మళ్లీ దీపం వేస్తే పచ్చ వలయాలు లేవు. అంతవరకూ కనిపించని సన్నని నారింజ చారలు మూడు పూసల్లో బయటపడ్డాయి. మిగతావి చీకటిగానే ఉన్నాయి.

కడిగే పద్ధతి:

1. గోరువెచ్చని నీళ్లు, మెత్తని టూత్‌బ్రష్. మరకలు ఉంటేనే ఒక చుక్క తేలికపాటి సబ్బు.
2. మంచినీళ్లతో మూడుసార్లు జాడించండి. సబ్బు మిగిలితే అదీ వెలుగుతుంది.
3. గాలికి ఆరనివ్వండి. టిష్యూ కాగితంతో, తెల్ల నూలు గుడ్డతో తుడవకండి. వాటి పోగులు అంటుకుని నీలి గీతలుగా వెలుగుతాయి.
4. ఆరాక చేత్తో ముట్టకుండా పట్టకారుతో తీయండి.

ఇత్తడి దీపాలు తోమినట్టు చింతపండుతో, నిమ్మకాయతో మాత్రం ఎన్నడూ తోమకండి. సోడలైట్‌నూ రాజావర్తాన్నీ ఆమ్లం తినేస్తుంది. ఒకసారి పోయిన మెరుపు తిరిగి రాదు. రాజావర్తాన్ని నీళ్లలో నానబెట్టనూ వద్దు, మైనమో రంగో పట్టించి ఉండవచ్చు.

6. పరీక్ష, వరుసగా

1. నల్ల గుడ్డ పరిచి, ముందు గుడ్డ మీదే దీపం వేయండి. గుడ్డ వెలిగితే మార్చండి.
2. పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టండి. అది నీలంగా వెలిగితే దీపం పనిచేస్తున్నట్టు. చూశాక తీసేయండి.
3. రాయి పెట్టి, దీపాన్ని నాలుగైదు అంగుళాల ఎత్తున, పక్కకు వంచి పట్టుకోండి. నిట్టనిలువుగా వేస్తే పైపాలిష్ మెరుపు అడ్డొస్తుంది.
4. రాయిని పట్టకారుతో నెమ్మదిగా అన్ని వైపులకూ తిప్పండి. వెనుక వైపు, పాలిష్ చేయని అంచులు తప్పకుండా చూడండి.
5. దీపాన్ని క్రమంగా రెండు అంగుళాల దాకా దగ్గరికి తీసుకురండి. మందమైన మచ్చలు అప్పుడు తేలతాయి.
6. దీపం ఆర్పి, ఆ క్షణంలో రాయినే చూడండి. వెలుగు ఒక్క క్షణమైనా నిలిస్తే అది స్ఫురదీప్తి. అది వేరే విషయం, రాసుకోండి.
7. హ్రస్వ తరంగ దీపం ఉంటే మొదటినుంచీ మళ్లీ చేయండి.

ఎల్ఈడీ టార్చిని ఒకటి రెండు నిమిషాలకు మించి ఏకబిగిన వెలిగించకండి. వేడెక్కితే వెలుగు తగ్గుతుంది. మే నెలలో మన ఊళ్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ట్యూబు దీపానికి ఎదురు స్వభావం. వెలిగించాక ఒక నిమిషం ఆగితేనే పూర్తి వెలుగు ఇస్తుంది.

7. పొరపాట్లు, వాటిని సరిదిద్దే విధం

*అంతా ఊదా.* పసుపు రంగు జిలెటిన్ కాగితాన్ని కంటికి దగ్గరగా, దీపం వెలుగు దానిమీద పడకుండా పట్టుకుని చూడండి. ఊదా ప్రతిబింబం చాలావరకు పోతుంది. అసలైన నారింజ వెలుగు ఉంటే నిలిచే ఉంటుంది. నాకు తెలిసినంతలో ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

*పగులు వెంట నీలితెలుపు గీత.* మొదటిసారి చూసినప్పుడు ఏదో అరుదైన ఖనిజం అనుకుని రాత్రంతా పుస్తకాలు తిరగేశాను. తెల్లారాక భూతద్దంతో చూస్తే పగుల్లో ఇరుక్కున్న నూలు పోగు. సూదిమొనతో తీస్తే గీత మాయమైంది. ఇప్పుడు ఏ గీత కనిపించినా ముందు భూతద్దమే తీస్తాను. గీత పగులంతా నిండి, కడిగినా పోకపోతే అది జిగురో రెజినో కావచ్చు.

*తెల్ల చారలు గులాబీ లేదా ఎరుపుగా వెలగడం.* అవి కాల్సైట్ అనే వేరే ఖనిజం కావచ్చు. నీలి భాగం వెలుగుతో కలిపి రాయకండి.

*కళ్ల ముందు నీలి పొగ.* అది రాయిలో లేదు. యూవీ తగిలి మీ కంటి కటకమే కొద్దిగా వెలుగుతోంది. కళ్లజోడు పెట్టుకుంటే పోతుంది.

*దీపం హ్రస్వమా దీర్ఘమా అన్న సందేహం.* వెలుగుతున్న వస్తువుకూ దీపానికీ మధ్య మామూలు కిటికీ గాజు ముక్క పెట్టండి. వెలుగు ఆగిపోతే హ్రస్వ తరంగం, నిలిస్తే దీర్ఘ తరంగం. గాజు హ్రస్వ తరంగాన్ని వెళ్లనివ్వదు. అందుకే గాజు పెట్టెలో ఉన్న రాయిని 254తో పరీక్షించి లాభం లేదు.

*రంగు వేసిన రాయేమో అన్న అనుమానం.* గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌లో దూదిపుల్ల ముంచి, రాయి వెనుక ఒక్క చోట రుద్దండి. దూదికి నీలం అంటితే రంగు వేసినట్టే. ఇది యూవీ పరీక్ష అయ్యాకే చేయండి, ముందు కాదు.

8. సాంద్రతతో సరిచూడడం

నారింజ వెలుగు ఒక ఆనవాలు, అంతే. సోడలైట్‌లోనూ వస్తుంది, రాజావర్తంలోనూ చుక్కలుగా వస్తుంది. ఆ రెంటినీ విడదీసేది బరువు. ఇందుకు 0.01 గ్రాము దాకా తూచే చిన్న డిజిటల్ తక్కెడ, గ్లాసెడు నీళ్లు, సన్నని దారం చాలు. రాయి ఉంగరంలో బిగించి ఉండకూడదు.

1. పొడి రాయిని తూచి రాసుకోండి.
2. నీళ్ల గ్లాసును తక్కెడ మీద పెట్టి, అంకెను సున్నా చేయండి.
3. రాయిని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకూ పక్కలకూ తగలకూడదు. రాయికి అంటిన గాలి బుడగలను వేలితో తట్టి వదిలించండి.
4. ఇప్పుడు తక్కెడ చూపే అంకె రాసుకోండి. మొదటి బరువును దీనితో భాగించండి.

ఉదాహరణకు రాయి 23.00 గ్రాములు, నీళ్లలో వేలాడదీసినప్పుడు తక్కెడ 10.00 చూపింది. 23ను 10తో భాగిస్తే 2.3. ఇది సోడలైట్ దరిదాపు. సోడలైట్ సాధారణంగా 2.2, 2.3 మధ్య ఉంటుంది. రాజావర్తం 2.7 నుంచి 2.9 దాకా. 2.5 దగ్గర వస్తే రంగు వేసిన హౌలైట్ అనే తెల్లరాయినీ గాజునూ అనుమానించాలి. చిన్న పూసలో తూకం తప్పు పెద్దదిగా కనిపిస్తుంది. అందుకని ఒకే రకం పూసలు నాలుగైదు కలిపి తూచండి.

వెలుగూ బరువూ ఒకదానితో ఒకటి కుదరకపోతే అమ్మినవారితో గొడవకు దిగకండి, ముందు ప్రయోగశాల నివేదిక తీసుకోండి. ఖనిజాల గురించి చదువుకున్నవారి సలహా కావాలంటే మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే భూగర్భశాస్త్ర విభాగం ఉంది.

9. ఫోటో

ఫోనును పుస్తకాల దొంతి మీద కదలకుండా నిలబెట్టండి. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను పగటి వెలుగు దగ్గర బిగించి, ఒక సెకను ఎక్స్‌పోజర్‌తో మొదలుపెట్టండి. ఆటోలో వదిలేస్తే ఫోను నారింజను తెల్లగా మార్చేస్తుంది. లెన్సు ముందు మీ యూవీ కళ్లజోడు అద్దం పెడితే ఊదా పొర తగ్గుతుంది. అదే చోట, మామూలు వెలుగులో ఇంకో ఫోటో తీయండి. రెండూ పక్కపక్కన లేకపోతే చూసేవారికి ఏమీ అర్థం కాదు.

10. రంగు మారే హాక్మనైట్

సోడలైట్‌లో ఒక రకం హాక్మనైట్. హ్రస్వ తరంగం కింద కొన్ని నిమిషాలు ఉంచితే పాలిపోయిన రాయి గులాబీ లేదా ఊదా రంగు పట్టి, దీపం ఆర్పాక కూడా అలాగే ఉంటుంది. వెలుగులో పెడితే రంగు వెళ్లిపోతుంది. మళ్లీ దీపం కింద పెడితే మళ్లీ వస్తుంది. మామూలు నీలి సోడలైట్ సాధారణంగా ఇలా చేయదు. లేత బూడిద, తెలుపు ముక్కల్లోనే వెతకాలి.

1. రాయిని ముందు తెల్లని ఎల్ఈడీ టార్చి కింద పది నిమిషాలు ఉంచి, ఉన్న రంగును వదిలించండి. ఎండలో పెట్టకండి, ఎండలోనూ యూవీ ఉంటుంది కాబట్టి ఫలితం గజిబిజి అవుతుంది.
2. సగం రాయిని నల్ల కాగితంతో చుట్టండి.
3. హ్రస్వ తరంగ దీపం కింద ఐదు నిమిషాలు.
4. గదిలో మసక బల్బు వేసి కాగితం విప్పండి. రెండు సగాల మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తే అది హాక్మనైట్.
5. టార్చి వేసి, రంగు పూర్తిగా పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి.

ఆ ముక్కను నల్ల కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి, డబ్బా మీద తేదీ, దీపం తరంగం, పట్టిన సమయం రాయండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే దీపంతో చేసి పోల్చండి.